నాలుగు మేకుల మీద కార్యకారణ విచారం

వస్త్రం దారాలకంటె వేరైన వస్తువా, లేక దారాలే ఒక తీరుగా కుదురుకున్నప్పుడు లోకం వాటికి పెట్టుకున్న పేరా అన్న ప్రశ్న భారతీయ దర్శనాల్లో దాదాపు అన్నిటికీ ఏదో ఒక ఘట్టంలో ఎదురైనదే. మట్టి, కుండ ఎంత తరచుగా ఉదాహరణలయ్యాయో తంతువు, పటం కూడా అంత తరచుగానే అయ్యాయి. తంతువంటే నూలుపోగు, పటమంటే నేసిన బట్ట. నైయాయికుడు, సాంఖ్యుడు, అద్వైతి, బౌద్ధుడు తలా ఒక కొస పట్టుకుని లాగిన ఈ వాదంలో బట్ట మీద ఎవరికీ ప్రత్యేకమైన శ్రద్ధ లేదు. జగత్తు తన మూలకారణంకంటె వేరా కాదా, మనిషి తన దేహేంద్రియ మనస్సుల కూడికకంటె వేరా కాదా అన్నవే వారిని వేధించిన ప్రశ్నలు. బట్ట ఆ ప్రశ్నలకు పిలిపించిన సాక్షి. పిలిచినవాడు అడగని సంగతులు కూడా సాక్షికి తెలిసి ఉండవచ్చు. శాస్త్రగ్రంథాల్లో ఎక్కువగా కనిపించేది మగ్గం దిగిన బట్ట. మగ్గం మీద సగంలో ఉన్న బట్ట, ఊడదీసిన బట్ట, అల్లేవాడి వేళ్ల మధ్య ఇంకా రూపు తేలని బట్ట ఏమి చెబుతాయన్నది విచారించదగిన విషయం.

ఇళ్లలో తీరిక వేళ చేసుకునే రెండు చిన్న పనులు ఈ విచారానికి కావలసిన సామగ్రినంతా సమకూరుస్తాయి. మొదటిది అట్టముక్క మగ్గం. గట్టి అట్టకు ఎదురెదురు అంచుల్లో సమదూరంలో గాట్లు పెట్టి, వాటిలోంచి నూలును బిగువుగా పైకీ కిందికీ చుడితే అది పడుగు, అంటే నిలువుపోగుల వరస. దబ్బనంలో ఎక్కించిన ఊలుదారాన్ని ఒక పోగు మీదుగా, తరువాతి పోగు కిందుగా అడ్డంగా నడిపి, వచ్చిన వరసను దువ్వెనతో దట్టిస్తే అది పేక. రెండవది కండె అల్లిక. చెక్క కండె తలమీద నడిమి రంధ్రం చుట్టూ నాలుగు చిన్న మేకులు దిగగొట్టి, దారం కొసను రంధ్రంలోంచి కిందికి వదిలి, పైదారాన్ని మేకు మేకుకూ ఒక ఉచ్చుగా తొడిగి, ఆపైన దారాన్ని మేకుల వెలుపలి నుంచి ఇంకొక చుట్టు తిప్పి, ప్రతి మేకు మీదా అడుగున ఉన్న ఉచ్చును కొక్కెంతో ఎత్తి, కొత్త దారం మీదుగానూ మేకు తల మీదుగానూ దాటించి లోపలి వైపుకు జారవిడిస్తే ఒక వరస ముగుస్తుంది. కింది కొసను అప్పుడప్పుడు లాగుతూ ఇలా చేస్తూ పోతే రంధ్రం అడుగు నుంచి గొట్టంలాంటి గుండ్రని తాడు కొంచెం కొంచెంగా దిగుతుంది. యూరప్‌లో తరతరాలుగా పిల్లలకు నేర్పుతూ వచ్చిన ఈ పనికి చెక్క కండె దొరకని చోట కాగితపు గొట్టమూ దానికి అంటించిన ఐస్‌క్రీమ్ పుల్లలూ చాలు. దిగిన తాడును చుట్టలుగా చుట్టి కుట్టుకుంటే గిన్నె కింద పెట్టుకునే చుట్టకుదురో, కాళ్లు తుడుచుకునే పట్టో తయారవుతుంది.

ఈ రెండింటిలో మొదటిది శాస్త్రకారులకు తెలిసిన బట్టే. రెండవది అలా కాదు. మగ్గం మీద బట్ట అనేక దారాల కూడిక కాగా, కండె మీద తాడు మొదటి నుంచి చివరిదాకా ఒకే దారం, తన ఉచ్చులోంచి తానే దూరి, తన మీద తానే నిలబడినది.

17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో కారణం మూడు విధాలని చెప్పి, మూడింటికీ బట్టనే ఉదాహరించాడు. కార్యం దేనిని విడదీయరాని సంబంధంతో ఆశ్రయించి పుడుతుందో అది సమవాయి కారణం. బట్టకు దారాలు అటువంటివి. ఆ దారాల్లోనే ఉండి బట్టకు కారణమయ్యే వాటి పరస్పర సంయోగం అసమవాయి కారణం. ఈ రెండు కోవల్లోనూ చేరనిది నిమిత్త కారణం. నాడె, మగ్గం మొదలైనవి అటువంటివి. ఈ విభజన వెనుక న్యాయ వైశేషికుల ఆరంభవాదం ఉంది. కార్యం తన పుట్టుకకు ముందు ఎక్కడా లేదు, అవయవాలు కూడినప్పుడు అవయవి అనే సరికొత్త ద్రవ్యం ఆరంభమవుతుంది, అందుచేత బట్ట దారాలలో ఉంటుందే గాని దారాలే బట్ట కావని వారి సిద్ధాంతం. పుట్టుకకు ముందు లేనిది పుడుతుందన్న ఈ మతానికే అసత్కార్యవాదమని పేరు.

ఈ సిద్ధాంతాన్ని కండె తాడుకు అన్వయించబోతే మొదటి అడుగులోనే చిక్కు వస్తుంది. సంయోగానికి రెండు ద్రవ్యాలు కావాలి. ఇక్కడ ఉన్నది ఒకే దారం, అది తనతో తాను సంయోగం పొందిందనడం కుదరదు. దారం కూడా ఒక అవయవియే గనుక దాని భాగాలే ఒకదానితో ఒకటి కలుసుకున్నాయని, ఆ భాగాలే తాడుకు సమవాయి కారణమని నైయాయికుడు సమాధానం చెప్పవచ్చు. అది చక్కని సమాధానమే, కాని దాని ధర ఎక్కువ. ఆ భాగాలను ఆశ్రయించి దారం అనే ద్రవ్యం ఇంతకుముందే ఉంది. ఇప్పుడు అవే భాగాల్లో తాడు అనే మరొక ద్రవ్యం కూడా నిలవాలంటే రెండు మూర్తద్రవ్యాలు ఒకే చోటును ఆక్రమించాలి, దానికి న్యాయమతం ఒప్పుకోదు. తాడు పుట్టగానే దారం నశించిందందామా అంటే, తాడు పొడవునా దారం కంటికి కనిపిస్తూనే ఉంది, కొస లాగితే చెక్కుచెదరకుండా తిరిగి వస్తుంది. తాడు కొత్త ద్రవ్యం కాదు, దారానికి కలిగిన ఒక విశేషసంయోగం మాత్రమేనని తప్పుకుంటే, ఆ మాటే మగ్గం మీది బట్టకు ఎందుకు చెప్పకూడదన్న ప్రశ్న వెంటనే తలుపు తడుతుంది. ఆరంభవాదానికి అనేకమైన దారాలు ఎంత అవసరమో ఈ ఒంటిదారం అల్లిక చూపినంత తేటగా మగ్గం చూపలేదు.

ఎదుటి పక్షానికి ఇదే అల్లిక పెన్నిధి. 8వ శతాబ్దపు శంకరాచార్యులు బ్రహ్మసూత్రభాష్యంలో, కార్యం కారణంకంటె అన్యం కాదని నిరూపించే ఆరంభణాధికరణంలో, బట్టను పరికించి చూసేవాడికి నిలువునా అడ్డంగా పరచుకున్న దారాలు తప్ప బట్ట అనే వేరే వస్తువు ప్రత్యక్షంగా దొరకదని వాదిస్తారు. అదే చూపును దారాల్లోకి దించితే నూగుపోగులు, ఆ పోగుల్లోకి దించితే వాటి భాగాలు, అక్కడి నుంచి సూక్ష్మభూతాల మీదుగా చివరకు రెండవది లేని బ్రహ్మం వరకు ఆ వాదం దిగుతూ పోతుంది. ఆ క్రమానికి పూర్వరూపం బృహదారణ్యకోపనిషత్తులో ఉంది. జనకుని సభలో గార్గి యాజ్ఞవల్క్యుణ్ణి ఈ సమస్తమూ దేని మీద పడుగుపేకలుగా అల్లుకుని ఉందని అడుగుతూ, చెప్పిన ప్రతి జవాబునూ తిరిగి ప్రశ్నగా మార్చి పైపైకి పోతుంది. బ్రహ్మలోకం దాటి అడిగితే తల తెగిపడుతుందని ఆయన హెచ్చరించగా ఆగి, ఉద్దాలకుడు లోకాలన్నిటినీ గుచ్చిన సూత్రం ఏదని అడిగి ముగించిన తరువాత మళ్లీ లేచి, ఆకాశం దేని మీద అల్లుకుని ఉందని అడిగి, అక్షరం అన్న జవాబు రాబట్టేదాకా విడవదు. ఆ సభలో అడిగినవారందరిలోనూ ఆమెదే నేతగాడి బుద్ధి అనిపిస్తుంది. పోగు ఎక్కడ ఆనుకుందో తెలియనిదే ఆమె ముందుకు కదలదు.

సాంఖ్యుల తరఫున వాచస్పతిమిశ్రుడు తత్త్వకౌముదిలో తెచ్చిన యుక్తులు ఇంకా నేలబారువి, అందువల్ల ఇంట్లోనే పరీక్షకు లొంగేవి. బట్ట దారాలకంటె వేరైన ద్రవ్యమైతే దాని బరువు కూడా వేరుగా తెలియాలి, అలా తెలియదు గనుక అది వేరు కాదని ఒక యుక్తి. ఊలు ఉండను అల్లకముందు తూచి, అల్లిన తాడును మళ్లీ తూచితే వంటింటి త్రాసు వాచస్పతి పక్షమే పలుకుతుంది. మరి విడి దారం ఒంటిని కప్పలేదు కదా, బట్ట కప్పుతుంది కదా, పని వేరైనప్పుడు వస్తువు వేరు కాదా అన్న ఆక్షేపణకు ఆయన బోయీలను చూపుతాడు. ఒక్కొక్క బోయీ దారి చూపగలడే గాని పల్లకి మోయలేడు, అందరూ కలిసినప్పుడు మోస్తారు. అంతమాత్రాన బోయీలకంటె వేరే ఎవరో కొత్తగా పుట్టి పల్లకి ఎత్తలేదు.

బోయీల ఉపమానం బరువు మోసే సంగతికి సరిపోయినంతగా సాగే సంగతికి సరిపోదు. సాగని నూలుదారాన్ని తీసుకుని కండె మీద అల్లితే వచ్చిన తాడు సాగుతుంది, వదిలితే మళ్లీ తన కొలతకు వస్తుంది. దారంలో ఏ భాగమూ పొడవు పెరగలేదు. ఉచ్చుల ఆకారం సన్నబడి, తిరిగి గుండ్రబడింది, అంతే. ఈ గుణాన్ని వైశేషికులు స్థితిస్థాపకం అన్నారు, అంటే మార్చిన స్థితి నుంచి వస్తువును మునుపటి స్థితికి తెచ్చే గుణం. అన్నంభట్టు దీనికి చాపను ఉదాహరణగా ఇచ్చాడు, అదీ అల్లినదే కావడం గమనించదగినది. కార్యంలోని గుణాలు కారణంలోని గుణాల నుంచే వస్తాయని, తెల్లదారాల వల్లనే తెల్లబట్ట అని న్యాయమతం. ఆ లెక్కన దారంలో చెప్పుకోదగినంత లేని సాగుడు తాడులో ఇంతగా కనిపించడం నైయాయికుడికి ఒకవైపు బలం, మరొకవైపు బలహీనత. కొత్త గుణం కనిపించింది గనుక కొత్త ద్రవ్యం పుట్టిందనడానికి ఆధారం దొరికింది. కాని ఆ గుణం సమవాయి కారణపు గుణం నుంచి దిగిరాక, కేవలం అమరిక నుంచి పుట్టింది. సంస్థానం, అంటే అవయవాల అమరిక, ఇంత పని చేయగలిగినప్పుడు దాన్ని ఏ పక్షమైనా ‘మాత్రమే’ అన్న మాటతో తోసిపుచ్చడం న్యాయం కాదు. దారం మాత్రమే, అమరిక మాత్రమే అనేవారి వాదాల్లో తడబాటు తరచుగా ఆ చిన్న మాట దగ్గరే కనిపిస్తుంది.

అవయవి ఉందనడానికి న్యాయసూత్రాలు చూపిన మరొక హేతువు ధారణ, ఆకర్షణ. ఒక భాగాన్ని పట్టుకుంటే మొత్తం పట్టుబడుతుంది, ఒక భాగాన్ని లాగితే మొత్తం వస్తుంది; భాగాల గుంపు మాత్రమే అయితే ఇసుకలాగా చేతిలోకి వచ్చినంతే వచ్చేది. దీనికి భాష్యకారుడైన వాత్స్యాయనుడే అంత బలం ఇవ్వలేదు. లక్కతో అతికించిన గడ్డి, రాయి, కట్టె కూడా ఒకటిగా పట్టుబడి ఒకటిగా కదులుతాయి గనుక పట్టు, లాగుడు అవయవి వల్ల కాక అంటిపెట్టుకునే గుణం వల్లనే కావచ్చునని ఆయన చర్చించాడు. కండె తాడు ఈ చర్చకు విచిత్రమైన సాక్ష్యం ఇస్తుంది. మొదలుపెట్టిన కొసను పట్టి లాగితే తాడు మొత్తం ఒక వస్తువుగా వస్తుంది. ముగించి బిగించని కొసను పట్టి లాగితే తాడు రాదు, దారం వస్తుంది. ఒకే వస్తువు ఒక కొస నుంచి నైయాయికుడి పక్షం, రెండవ కొస నుంచి అద్వైతి పక్షం మాట్లాడుతుంది. అల్లేవారు చివర్లో దారం తెంపి, నాలుగు మేకుల మీది నాలుగు ఉచ్చుల్లోంచి సూదితో దాన్ని దూర్చి, బిగించి ముడివేసేది ఈ రెండవ సాక్షి నోరు మూయించడానికే.

పుట్టుకకు ముందు కార్యం కారణంలో ఉందా అన్న అసలు వివాదానికి ఇంటి అల్లిక కంటె తెలంగాణ మగ్గాలు మంచి ఉదాహరణ ఇస్తాయి. పోచంపల్లి, పుట్టపాక నేతలో రంగుల పూత నేత కంటె ముందే జరుగుతుంది. చిట్టీలుగా కట్టిన నూలు మీద ఎక్కడ రంగు పట్టకూడదో అక్కడ గట్టిగా చుట్టి కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ మరొక చోట కట్టి మరొక రంగులో ముంచుతారు. మగ్గం ఎక్కేసరికి ప్రతి పోగు మీదా ఎక్కడెక్కడ ఏ రంగు రావాలో నిర్ణయమైపోయి ఉంటుంది. చీర ఇంకా లేదు, అయినా చీర మీది ఏనుగూ చిలకా ఏదో ఒక అర్థంలో నూలులో ఉన్నాయి. కార్యం కారణంలో అవ్యక్తంగా ముందే ఉంటుందని, ఉన్నదే వ్యక్తమవుతుందని చెప్పే సత్కార్యవాదికి ఇంతకంటె అనుకూలమైన దృష్టాంతం కావాలంటే దొరకదు. నైయాయికుడు అంత తేలిగ్గా లొంగడు. పోగు మీద ఉన్నవి రంగు మచ్చలే. చిలక అన్నది మచ్చల పక్కన మచ్చలు చేరినప్పుడు పుట్టేది, పక్కన చేరడం మగ్గం మీదనే జరిగింది, కనుక చిలక అంతకుముందు లేదంటాడు. నేతగాడిని అడిగితే చిలక మొదట గ్రాఫ్ కాగితం మీద ఉందంటాడు, ఆ జవాబుకు రెండు వాదాల్లోనూ చోటు దొరకడం కష్టం. ఎందుకంటే కాగితం చీరకు సమవాయి కారణమూ కాదు, అసమవాయి కారణమూ కాదు. నిమిత్త కారణాల కోవలో నాడె పక్కన ఎక్కడో సర్దుకోవలసినదే.

నిమిత్త కారణం పట్ల తర్కశాస్త్రానికి ఉన్న చిన్నచూపు ఇక్కడ బయటపడుతుంది. బట్ట పుట్టాక నాడె తీసి పక్కన పెట్టినా బట్ట నిలుస్తుంది గనుక నాడెకు బట్టలో చోటు లేదని తార్కికులు తీర్మానించారు. నాడెకూ దారానికీ కలిగే సంయోగం పొరపాటున అసమవాయి కారణంగా లెక్కకు రాకుండా సిద్ధాంతముక్తావళి అనే న్యాయగ్రంథం నిర్వచనంలోనే జాగ్రత్త పడింది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఖద్దరు నూలు వడికేవారు దూదిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేస్తారు, నూలు సన్నదనం ఆ దువ్వడంతోనే మొదలవుతుంది, కాని తయారైన బట్టలో చేప జాడ ఏమీ ఉండదు. తార్కికుల తీర్మానానికి ఇది సరిగ్గా సరిపోతుంది. కండె తాడు అంతగా సరిపోదు. మేకులు కండె మీదే ఉండిపోతాయి, తాడులో ఇనుము లేదు, అయినా తాడు చుట్టూ ఉచ్చుల నిలువు వరసలు లెక్కపెడితే సరిగ్గా నాలుగు వస్తాయి, ఆరు మేకుల కండె మీద అల్లితే ఆరు వస్తాయి. నిమిత్త కారణం వస్తువుగా తప్పుకుంది, సంఖ్యగా నిలిచిపోయింది.

తార్కికుల లెక్కలో నేతగాడు కూడా నాడె, మగ్గం చేరిన కోవలోనే చేరతాడు. మతసంప్రదాయం అతనికి ఇచ్చిన చోటు వేరు. పద్మశాలీలు తమ కులమూలపురుషుడిగా కొలిచే భావనాఋషి తామరతూడు నారతో దేవతలకు వస్త్రం నేశాడని వారి పురాణం చెబుతుంది. కాశీలో కబీరు, కన్నడదేశంలో జేడర దాసిమయ్య నేతవృత్తిలో ఉంటూనే భక్తి చెప్పారు. చేసేవాడి పని అతనిలో ఏమి మార్పు తెస్తుందన్నది కర్మయోగం అడిగే ప్రశ్న, తర్కం అడగనిది. గాంధీజీ రాట్నం వడకడాన్ని యజ్ఞమన్నారు. ఒకే కదలికను నిత్యం తిరిగి చేయడం మనసును శుద్ధి చేస్తుందన్న ఆ నమ్మకాన్ని రవీంద్రనాథ్ ఠాగూర్ 1925లో మోడరన్ రివ్యూ పత్రికలో ప్రశ్నించారు. ఆలోచన లేకుండా చేసిన పనినే చేయడం మనిషి బుద్ధిని మొద్దుబారుస్తుందన్నది ఆయన వాదంలో ముఖ్యాంశం, దానికి గాంధీజీ అదే ఏడు యంగ్ ఇండియాలో సమాధానం రాశారు. కండె అల్లిక ప్రయత్నించినవారికి ఈ ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం కనిపించవచ్చు, ఎందుకంటే ఉచ్చు ఎత్తి దాటించడం చేతికి అలవాటయ్యాక మనసు ఊరుకుంటుంది, ఊరుకున్న మనసు కొందరిలో నిలకడ పొందుతుంది, కొందరిలో నిద్రపోతుంది.

అయితే ఈ చర్చకు ఒక అంచు ఉంది, దాన్ని దాటి మాట్లాడటం బాధ్యతారాహిత్యం. పోచంపల్లి చీరకు పేకనూలు సిద్ధం చేసే ఆసు పనిలో అర్ధవలయంగా అమర్చిన మేకుల చుట్టూ దారాన్ని చేత్తో వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి. ఆ పనితో తన తల్లి లక్ష్మి పడిన భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసుయంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మేకుల చుట్టూ దారం తిప్పడం రెండు చోట్లా ఒకటే, కాని ఇష్టమైనప్పుడు ఆపగలిగినవారికి అది ధ్యానం, ఆపితే పొయ్యి వెలగనివారికి అది నొప్పి. నరసాపురం లేసు ఇంకొక కోణం చూపిస్తుంది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి డెల్టాలో నేర్పిన ఆ కొక్కెపు అల్లిక కూడా ఒంటిదారం పనే, ఇళ్లలో కూర్చుని స్త్రీలు చేసేదే. మరియా మీస్ 1982లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రపంచ విపణికి సరుకు అందించే ఆ పనిని గృహిణుల తీరిక వేళ కాలక్షేపంగా లెక్కగట్టడం వల్లనే దాని కూలి అంత అడుగంటిందని చూపించారు. చేసేవారిని కారణంగా లెక్కించకపోవడం ఒక్క తర్కశాస్త్రపు లోపమే కాదన్నమాట.

మళ్లీ సిద్ధాంతం వైపు వస్తే, బౌద్ధులు ఈ వివాదంలో మూడవ దారి పట్టారు. బట్ట అనేది దారాలకు పెట్టుకున్న వ్యవహారనామం, దారమూ అంతే. ఆంధ్రదేశంతో సంప్రదాయం ముడిపెట్టిన ఆచార్య నాగార్జునుడు విగ్రహవ్యావర్తనిలో, స్వభావం లేనిది పని ఎలా చేస్తుందన్న ఆక్షేపణకు, బండి, కుండ, బట్ట మొదలైనవి ఇతరాల మీద ఆధారపడి పుట్టినందువల్ల స్వభావశూన్యాలే అయినా కట్టెలు మోయడం, నీరు నిలపడం, చలిగాలి ఎండల నుంచి కాపాడటం మానలేదని జవాబిస్తాడు. ఉచ్చు ఉచ్చుకూ ఆధారమై, ఏ ఉచ్చూ తనంతట తాను నిలవలేని అల్లికకు ఈ జవాబు అతికినట్టు సరిపోతుంది. మనిషి కూడా అటువంటి అల్లికే, లోపల దారం వేరే ఏమీ లేదన్నది బౌద్ధుల అసలు మాట. నైయాయికుడు దేహం వరకు దీనికి దగ్గరగానే వస్తాడు. బట్ట నుంచి ఒక దారం తీస్తే పాత బట్ట నశించి ఖండపటం అనే కొత్త బట్ట పుడుతుందని చెప్పినట్టే, ఆహారంతో పెరిగి తరిగే దేహం కూడా ఎప్పటికప్పుడు కొత్తదేనంటాడు. బాల్యంలో చూసినది ముసలితనంలో గుర్తుండాలంటే మాత్రం ఈ మారే దేహాలకు అతీతంగా, అవయవాలు లేని ఆత్మ ఒకటి ఉండి తీరాలని అక్కడ ఆగుతాడు.

జ్ఞాపకం ప్రసక్తి వచ్చింది గనుక, అల్లికను ఊడదీసినప్పుడు జరిగే సంగతిని కూడా పరిశీలించాలి. కొంతకాలం అలాగే ఉంచిన ఊలు తాడును కొస లాగి విప్పితే తూకంలో అంతే దారం తిరిగి వస్తుంది, పొడవులోనూ ఏమీ పోదు, కాని ఆ దారం ఉండలో ఉన్నప్పటి దారంలా ఉండదు. ఎక్కడెక్కడ ఉచ్చుగా వంగిందో అక్కడక్కడ వంపు మిగిలి, పొడవునా నొక్కులు నొక్కులుగా ఉంటుంది. ఆ నొక్కుల ఎడం కొలిచి మేకుల మధ్య దూరం అంచనా వేయవచ్చు. పాత స్వెట్టరు విప్పి ఊలును తిరిగి వాడుకునేవారు దాన్ని చిలపగా చుట్టి, అక్కడక్కడ వదులుగా కట్టి, గోరువెచ్చని నీటిలో నానబెట్టి, కింద కొంచెం బరువు వేలాడదీసి ఆరవేస్తే గాని అది మళ్లీ సాఫీ కాదు.

వైశేషికులు ఈ వంపును చూస్తే వెంటనే పేరు పెట్టగలరు. వారి గుణాల పట్టికలో సంస్కారం అన్నది ఒకటి, దానికి మూడు విధాలు: విసిరిన బాణంలో ఉండే వేగం, చాపలో ఉండే స్థితిస్థాపకం, ఆత్మలో ఉండి జ్ఞాపకాన్ని కలిగించే భావన. చాప సాగి ముడుచుకోవడాన్నీ మనిషికి గతం గుర్తుండటాన్నీ ఒకే జాతిలో చేర్చిన ఈ వర్గీకరణ చదువరికి మొదట వింతగా తోచవచ్చు గాని, విప్పిన ఊలు చేతిలో ఉన్నప్పుడు అంత వింతగా తోచదు. ద్రవ్యం అదే, సంయోగాలు పోయాయి, సంస్కారం మిగిలింది, నీరూ బరువూ తగిలి అదీ పోతుంది అని వారు లెక్క ముగిస్తారు. ఒంటిదారం దగ్గర మొదట తడబడిన మతం ఈ చివరి ఘట్టంలో అందరికంటె సునాయాసంగా నడుస్తుంది.

చిక్కు ఈసారి అద్వైతిది. కార్యం కారణంకంటె వేరు కాదనేంతవరకు అల్లిక ఆయన పక్షమే పలికింది. కాని అద్వైతం అక్కడ ఆగదు. కారణం ఏ వికారమూ పొందకుండానే కార్యంగా తోస్తుందన్న వివర్తవాదం దాని చివరి మెట్టు. తాడు మీద పాము తోచినందువల్ల తాడుకు విషం ఎక్కదు, పాము పోయినందువల్ల తాడుకు గాయమూ మిగలదు. దారం విషయంలో అలా జరగలేదు. ఉచ్చు అబద్ధమైతే దారంలో ఈ వంపు ఎక్కడిదన్న ప్రశ్నకు వంపు కూడా దారమే అని చెప్పవచ్చు, అది నిజం కూడా, కాని అప్పుడు దారం మారిందని ఒప్పుకున్నట్టే. కారణం నిజంగానే కార్యంగా పరిణమిస్తుందన్న సాంఖ్యులకు గాని, జగత్తు బ్రహ్మానికి శరీరమని, దాని మార్పులు నిజమని చెప్పే రామానుజీయులకు గాని ఈ వంపు ఇబ్బంది కలిగించదు. శంకరులు పటదృష్టాంతాన్ని కార్యకారణాల అనన్యత్వం నిరూపించే అధికరణంలో అంత బలంగా వాడుకున్నా, అద్వైతగ్రంథాలు జగన్మిథ్యాత్వం చెప్పవలసి వచ్చిన చోట బట్టను వదిలి రజ్జుసర్పాన్ని, ముత్యపుచిప్పలో తోచే వెండిని ఎక్కువగా ఆశ్రయించడానికి కారణం బహుశా ఇదే కావచ్చు. ఆ రెండు ఉదాహరణల్లోనూ విప్పడానికి ఏమీ ఉండదు, విప్పాక మిగలడానికీ ఏమీ ఉండదు.